వాద్య సాధన: సభలో వాయించుటకు సిద్ధపడు విధము



నిజాంపేట సంఘములో హార్మోనియం, తబలా, వయొలిన్, కీబోర్డు వాయించే మేము నలుగురము కలిసి ఈ ప్రసంగమును సిద్ధపరచినాము. మాకిచ్చిన అంశము "వాద్య సాధన". మేము గొప్ప విద్వాంసులము కాము. వారమంతా ఉద్యోగములు చేసికొని, ఆదివారము ఉదయము వాద్యము ముందు కూర్చునే వారము. మనలో ఎక్కువ మంది అట్టివారే కనుక, మా వంటి వారికి పనికివచ్చే సంగతులనే చెప్పదలచినాము.

మొదట ఒక విషయము గమనించండి. గాయక బృందములో ఒకరు స్వరము తప్పితే, ప్రక్కనున్న వారి గొంతులలో ఆ తప్పు కలిసిపోతుంది. వాద్యము వాయించేవాడు తడబడితే మాత్రము సంఘమంతా తడబడుతుంది. మూడవ వరుసలో కూర్చున్న పెద్దమ్మ గారికి కీర్తనల పుస్తకముతో పని లేదు. చిన్ననాటి నుండి ఆమెకు అవన్నీ కంఠస్థము. హార్మోనియం శ్రుతి మరీ ఎక్కువలో ఎత్తుకొన్నా, తబలా నడక మధ్యలో పరుగెత్తినా, ఆమె పాడుట ఆపి పుస్తకము తెరచి చూస్తుంది. తప్పు తనదేమోననుకొంటుంది. ఆమె నోట పాట ఆగకుండా చూచుటే మన పని. మన సాధనకంతటికీ ప్రయోజనము అదే.

ఇక మనమున్న చోటు సంగతి. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతము రూపే మారిపోయినది. పంచాయతీగా ఉన్న నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి 2019లో నగరపాలక సంస్థగా ఏర్పడినది. పొలములున్న చోట అపార్టుమెంటులు లేచినవి. పగలంతా కంపెనీలో పని, ఉదయము సాయంత్రము రోడ్డు మీద వాహనముల రద్దీ, కొందరికి రాత్రి షిఫ్టులు. ఇంటికి వచ్చి వాద్యము తీస్తే గోడ అవతల పసిపాప నిద్రపోతూ ఉంటుంది. గురుకులములో తెల్లవారుజామున లేచి గంటల తరబడి సాధన చేసిన కాలపు పద్ధతులను మనకు యథాతథముగా చెప్పి లాభము లేదు. దినమునకు అరగంట దొరికితే గొప్ప. ఆ అరగంటను ఏమి చేయవలెనన్నదే ప్రశ్న.

"నేను ఈ పాట ఇరవై సార్లు వాయించినాను, అయినా సభలో తప్పినది" అని పిల్లలు అంటూ ఉంటారు. ఆ ఇరవై సార్లలో ఎన్నిసార్లు సరిగా వాయించినావు అని అడిగితే జవాబు ఉండదు. వేమన వేప చేదును, సాధనను ఒకే పద్యములో ముడిపెట్టిన సంగతి బడిపిల్లలకు కూడా తెలుసు. పదే పదే చేస్తే చేదు కూడా అలవాటై ఇష్టమవుతుంది. అయితే తప్పు కూడా అంతే. వేళ్ళకు ఒప్పు తప్పుల భేదము తెలియదు. ఏది పదిసార్లు చేయిస్తే దానినే నేర్చుకొంటాయి. చరణములో ఒకచోట తప్పు మెట్టు మీద వ్రేలు వేసి, "అయ్యో" అనుకొని ముందుకు సాగి, మళ్ళీ మొదటి నుండి ఎత్తుకొని, మళ్ళీ అక్కడే తప్పితే, ఆ తప్పును మనము సాధన చేసినట్లే. ఈ ప్రసంగములో మేము చెప్పే ముఖ్యమైన మాట ఇది ఒక్కటే: ఎన్నిసార్లు వాయించితిమన్నది లెక్క కాదు, ఏది వాయించితిమన్నది లెక్క.

దీనిని పరీక్షించి చూచినవారున్నారు. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2009లో ప్రకటించిన అధ్యయనమొకటి ఉన్నది. పియానో బాగా నేర్చిన 17 మంది విద్యార్థులకు షోస్టకోవిచ్ రచనలోని చిన్న భాగమొకటి ఇచ్చి, నేర్చుకొనుటకు కావలసినంత సమయము తీసికొనమన్నారు. మరునాడు వాయింపజేసి ఎవరు మేలో నిర్ణయించినారు. ఎక్కువసేపు సాధన చేసినవారు మొదటికి రాలేదు. ఎక్కువ సార్లు వాయించినవారూ రాలేదు. మొదట నిలిచినవారు కూడా సాధనలో తప్పులు చేసినవారే. అయితే తప్పు జరిగిన వెంటనే ఆగి, అది ఎక్కడ, ఎందుకు జరిగినదో చూచి, ఆ చిన్న ముక్కను నెమ్మదిగా, సరిపడే వరకు వాయించి అప్పుడు ముందుకు సాగినారు. తక్కినవారికీ వారికీ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

కనుక పాటను ఎప్పుడూ మొదటి నుండి చివర వరకు వాయించుట సాధన కాదు. అది మనకు మనము కచేరీ చేసికొనుట. మన కీర్తనలలో చిక్కు సాధారణముగా ఎక్కడ వస్తుంది? పల్లవి నుండి అనుపల్లవికి పోయే చోట, చరణము ముగించి తిరిగి పల్లవి అందుకొనే చోట. బట్టకు చిరుగు కుట్టు దగ్గరే పట్టినట్లు, పాట కూడా అతుకు దగ్గరే తెగుతుంది. చరణపు చివరి రెండు మాటలు, పల్లవి మొదటి రెండు మాటలు, ఈ నాలుగింటినే తీసికొని వాయించండి. అయిదుసార్లు వరుసగా తప్పు లేకుండా వచ్చిన తరువాతనే పాటలో కలపండి. నాలుగవసారి తప్పితే లెక్క మళ్ళీ ఒకటి నుండి మొదలు. విసుగు కలుగుతుంది గాని, ఇంత త్వరగా ఫలించే పని మరొకటి లేదు.

రెండవ సంగతి, వాద్యము పట్టక ముందు నోట పాడుట. దీనికి మన తెలుగు దేశములోనే గొప్ప ఉదాహరణము ఉన్నది. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ వాయించి ప్రపంచ ప్రఖ్యాతుడైనాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించుట రాదు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన ఆయన పాఠము నోట పాడేవారు. విన్నదానిని పిల్లవాడు తీగల మీద పలికించేవాడు. ఏ వ్రేలు ఎక్కడ వేయవలెనో చూపించేవారు లేరు. పాట ముందు చెవిలో పడి, మనస్సులో నిలిచి, ఆ తరువాత చేతికి వచ్చినది. ఆ బాలుడు 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవములో వాయించునప్పటికి తొమ్మిదేండ్లవాడు. 1998లో ప్రభుత్వము పద్మశ్రీ ఇచ్చినది. 2014లో ఆయన 45 ఏండ్లకే మరణించినా, ఆ నేర్చుకొన్న పద్ధతి మనకు పాఠముగా మిగిలి ఉన్నది.

మీరు కూడా ఇట్లే చేసి చూడండి. కీర్తనను తాళము వేస్తూ నోట పాడండి. ఏ చోట మీ గొంతు సందేహించినదో ఆ చోట మీ వ్రేలు కూడా సందేహిస్తుంది. నోటికి రానిది వ్రేలికి రాదు. దీనికి వాద్యము కూడా అవసరము లేదు. మెట్రోలో నిలుచున్నప్పుడు, కంపెనీ బస్సులో కూర్చున్నప్పుడు మనస్సులోనే పాడుకొంటూ, తొడ మీద వ్రేళ్ళతో తాళము లెక్కించుకొనవచ్చును. రోడ్డు మీద గడిచే గంట ఈ విధముగా సాధనలో చేరుతుంది.

ఇక్కడ మన కీర్తనల పుస్తకమును గూర్చి ఒక మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఎన్నింటికో పైన రాగము, తాళము అచ్చు వేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి గారు (1803-1890), ఆయన వెనుక వచ్చిన కవులు ఈ దేశపు రాగ తాళములలోనే తమ పాటలు కట్టినారు. ఆ రెండు మాటలను చదువకుండా పాట మొదలుపెట్టవద్దు. చాపు తాళములోని కీర్తన ఏడు మాత్రల నడక; మూడు, నాలుగు అని విరుగుతుంది. ఖండ చాపు అయితే అయిదు, రెండు, మూడు. కీబోర్డులో బటను నొక్కితే వచ్చే తాళములు ఎక్కువగా నాలుగు మాత్రలవి, లేదా మూడు మాత్రలవి. ఏడు మాత్రల పాటను నాలుగు మాత్రల యంత్రము మీద నడిపితే ఒక మాట సాగిపోతుంది, ఇంకొక మాట కుదించుకొనిపోతుంది. రెండు మూడేండ్లు అట్లు పాడిన తరువాత సంఘము అసలు నడకను మరచిపోతుంది. యంత్రమును మేము నిందించుట లేదు. మాలో ఒకరు వాయించేది కీబోర్డే. అయితే తాళము చేతిలో ఉన్నవాడు యంత్రమును నడిపిస్తాడు, లేనివానిని యంత్రము నడిపిస్తుంది.

మూడవ సంగతి, నెమ్మది. మన సంగీతములో మొదటి పాఠములైన సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు మూడు కాలములలో వాయింపజేయుట ఊరకే పెట్టిన నియమము కాదు. మొదటి కాలములో ఒక దెబ్బకు ఒక స్వరము, రెండవ కాలములో రెండు, మూడవ కాలములో నాలుగు. తాళము మారదు, స్వరములే రెట్టింపు అవుతాయి. ఐరోపాలో మేల్జెల్ అనునతడు 1815లో మెట్రోనోమునకు పేటెంటు పొందినాడు. నేడు అది ప్రతి ఫోనులోను దొరుకుతుంది. మన పెద్దలకు ఆ పనిని తొడ మీద వేసిన చెయ్యే చేసినది. రెండింటిలో ఏదైనా సరే, మొదట తప్పకుండా వాయించగలిగిన వేగమును కనుగొనండి. అది మీకు సిగ్గు కలిగించేంత నెమ్మదిగా ఉండవచ్చును. ఉండనివ్వండి. అక్కడి నుండి దినమునకు కొంచెము చొప్పున పెంచండి. తప్పు వచ్చిన దినము ఒక మెట్టు దిగండి.

ఎంతసేపు అన్న ప్రశ్నకు 1993లో ఎరిక్సన్ అను మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివారు బెర్లిన్ సంగీత విద్యాలయములోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించి ప్రకటించిన సంగతులు ప్రసిద్ధము. అందరిలో మేలైనవారు ఇరవై ఏండ్లు వచ్చునప్పటికి సగటున 10,000 గంటలకు పైగా ఒంటరిగా సాధన చేసినారని లెక్క తేలినది. లోకము ఆ అంకెను పట్టుకొని తక్కిన దానిని వదిలిపెట్టినది. వారు ఒక్క బిగిన గంటల తరబడి వాయించలేదు. గంట, గంటన్నర శ్రద్ధగా వాయించి విశ్రాంతి తీసికొనేవారు. తక్కువ నేర్పు గలవారి కంటె వారే ఎక్కువ నిద్రపోయినారు కూడా. అలసిన మనస్సుతో వాయించిన గంట తప్పులను నాటే గంట అవుతుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన సహోదరుడు ముందు నిద్రపోవుట కూడా సాధనలో భాగమేనని మేము నిస్సంకోచముగా చెప్పగలము.

మేము పాటించే అరగంట పద్ధతి ఇది. మొదటి అయిదు నిమిషములు శ్రుతిపెట్టె గాని, ఫోనులోని తంబూరా గాని పెట్టుకొని స్వరములు, లేదా తబలా మీద పాఠాక్షరములు. తరువాతి పది నిమిషములు ఒక్క చిక్కు ముక్క. ఆ తరువాత పది నిమిషములు ఆ ముక్కను పాటలో కలిపి నెమ్మదిగా. చివరి అయిదు నిమిషములు ఇదివరకు వచ్చిన పాట ఒకటి, సంతోషము కొరకు. ముగించు ముందు రేపు ఏ ముక్క తీసికొనవలెనో చీటీ మీద వ్రాసిపెట్టుకొంటే మరునాడు వెదకులాట ఉండదు. ఆదివారమునకు ముందు శనివారము మూడు గంటలు వాయించుట కంటె, ఆరు దినములు అరగంట చొప్పున వాయించుట మేలు. మొక్కకు వారము నీళ్ళు ఒకేసారి పోసేవారు లేరు కదా.

ఇరుగుపొరుగు వారి మాట మరువరాదు. కీబోర్డు వారు చెవులకు హెడ్‌ఫోనులు పెట్టుకొనవచ్చును. వయొలిన్ వంతెన మీద బిగించు మ్యూటు అంగడిలో దొరుకుతుంది. తబలా మీద పలుచని గుడ్డ పరచి వ్రేళ్ళ పని చేసికొనవచ్చును. నాదము తగ్గినా నడక నిలుస్తుంది. హార్మోనియం వారు తిత్తి కదల్చకుండా మెట్ల మీద వ్రేళ్ళ మార్పును మాత్రమే సాధన చేయవచ్చును. అయితే వారమునకు ఒకటి రెండుసార్లయినా పూర్తి నాదముతో వాయించి వినవలెను. తిత్తి ఒత్తే ఎడమ చెయ్యి చరణము మధ్యలో అలసిపోతే నాదము కుంగుతుంది. ఆ సంగతి పూర్తి నాదముతో వాయించినప్పుడే తెలుస్తుంది.

హార్మోనియం గురించి మరొక మాట. అది ఐరోపాలో పుట్టి మన ఆలయములలోనికి, భజనలలోనికి వచ్చిన వాద్యము. దాని స్వరములు బిగించినవి; గమకమునకు ఒదుగవు. ఆ కారణము చూపి ఆకాశవాణి 1940లో దానిని నిషేధించి, 1971 వరకు దూరముగా ఉంచినది. ఆ లోపము నిజమే. అందుచేతనే హార్మోనియం వాయించేవాడు గొంతులకు చోటివ్వవలెను. పాడేవారు స్వరమును ఊపుచున్న చోట తాను నిలిచి ఆధారము పట్టవలెను గాని, ప్రతి గమకమును మెట్ల మీద చితుకగొట్టరాదు.

ప్రక్కవాద్యపు ఓర్పుకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని చూడండి. 1919లో 26 ఏండ్ల వయస్సులో విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులైనారు. 1936లో అక్కడనే ప్రధానాచార్యులైనారు. వయొలిన్ ఒంటరి వాద్యముగా ఆయన చేసిన మొదటి కచేరీ 1938లో వేలూరులో జరిగినది. అంతటి విద్వాంసుడు అన్ని సంవత్సరములు గాయకుల ప్రక్కన కూర్చుని, వారిని విని, వారి వెంట నడిచినాడు. ఇతరులను వినుట వృథా కాదు. జర్మనీలో దేవాలయపు ఆర్గన్ వాయించు బాఖ్ 1705లో, ఇరవై ఏండ్ల వయస్సులో, బుక్స్‌టెహూడె అను పెద్ద విద్వాంసుని వినుటకై సుమారు 400 కిలోమీటర్లు నడిచి వెళ్ళినాడని చరిత్ర చెబుతుంది. నాలుగు వారముల సెలవు అడిగి నాలుగు నెలల వరకు తిరిగి రాలేదు. మనకు వినుటకు నడక కూడా అవసరము లేదు. ఇష్టము ఉంటే చాలును.

ఇప్పుడు సభలో వాయించుటకు సిద్ధపడు సంగతి. ఇంతవరకు తప్పు జరిగిన చోట ఆగమని చెప్పినాము. సభలో ఆగరాదు. ఈ రెండూ వేరు వేరు విద్యలు కనుక వేరు వేరుగా సాధన చేయవలెను. పండుగకు రెండు వారములు ఉన్నదనగా ఆగకుండా వాయించు సాధన మొదలుపెట్టండి. తప్పినా ముఖము చిట్లించకుండా, తల ఊపకుండా, తాళము విడువకుండా తరువాతి మాటను అందుకొనండి. ముగిసిన తరువాత చిక్కు ముక్కను విడిగా దిద్దుకొనండి. తాళము నిలిచి ఉంటే స్వరములో తప్పు దాటిపోతుంది. తాళము తెగితే సంఘమంతటికీ తెలుస్తుంది.

తరువాత, మనుష్యుల ఎదుట వాయించండి. మొదట ఇంట్లో ఒకరి ముందు, తరువాత ప్రార్థన కూటములో పదిమంది ముందు, ఆ తరువాత గాయక బృందము ముందు. భయము ఒక్కసారి పోదు. మెట్టు మెట్టుగా పోతుంది. గుండె దడదడలాడినప్పుడు చేతులు తమంతట తాము వేగము పెంచుతాయి. కనుక మొదలుపెట్టక ముందు ఊపిరి నిదానముగా వదిలి, పల్లవి మొదటి వరుసను మనస్సులో ఒకసారి పాడుకొని, ఆ నడకలోనే ఎత్తుకొనండి.

వాయించబోయే చోటనే, వాయించబోయే వాద్యము మీదనే ఒకసారైనా వాయించండి. ఇంట్లో నేల మీద కూర్చుని అలవాటైన వానికి ఆలయములో కుర్చీ, బల్ల ఎత్తు తేడాగా ఉంటుంది. స్పీకరు నుండి నాదము ఆలస్యముగా వినబడవచ్చును. ప్రతి పాట శ్రుతిని ముందే పాడేవారితో నిర్ణయించి చీటీ మీద వ్రాయండి: ఏ పాట, ఏ శ్రుతి, ఏ తాళము, ఎన్ని చరణములు. స్త్రీలకు, పురుషులకు, పెద్దలకు అందరికీ అందే శ్రుతిని ఎన్నుకొనండి. మన నేర్పు చూపుకొనే శ్రుతిని కాదు. తబలాను ఆ శ్రుతికి ముందే సుత్తితో సరిచేసికొనండి. ఎండకు, చలికి చర్మము మారుతుంది కనుక ఆరంభమునకు ముందు మరల చూడండి. కరెంటు పోతే ఏ పాట కీబోర్డు లేకుండా నడుస్తుందో ముందే అనుకొనండి. ముందునాటి రాత్రి క్రొత్త పాట మొదలుపెట్టవద్దు. వచ్చిన దానిని ఒకసారి నెమ్మదిగా వాయించి, వాద్యము మూసి, నిద్రపోండి.

చివరిగా మా మనస్సులోని మాట. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయములో, దావీదు దినములలో పాటలు నేర్చి ప్రవీణులైనవారు 288 మంది ఉండిరని, గురువు శిష్యుడు అను భేదము లేకుండా వంతుల కొరకు చీట్లు వేసికొనిరని ఉన్నది. నేర్చినవాని ప్రక్కన నేర్చుకొనేవాడు ఎప్పుడూ ఉండెనన్నమాట. ఈనాడు మన సంఘములలో హార్మోనియం వాయించేవారు ఎందరున్నారు? వారిలో యాభై ఏండ్లు దాటనివారు ఎందరు? ఆ ఒక్కరు బదిలీ అయి బెంగుళూరు వెళ్ళిపోయినా, విదేశములకు వెళ్ళిపోయినా, ఆదివారము పెట్టె మూతపడుతుంది. ఫోనులో పాట పెట్టి దాని వెంట పాడవలసి వస్తుంది. ఫోను మన పెద్దమ్మ గారి కొరకు నెమ్మది చేయదు. ఆమె ఊపిరి తీసికొనే వరకు ఆగదు. ఆమె వైపు చూచి ఆగగలిగినది మనిషి ఒక్కడే.

కనుక ప్రతి వాద్యకారుడు తన ప్రక్కన ఒక పిల్లనో పిల్లవానినో కూర్చుండబెట్టుకొనవలెనని కోరుచున్నాము. మొదటి సంవత్సరము వారు తాళము వేయుదురు గాక. రెండవ సంవత్సరము ఒక్క పల్లవి వాయించుదురు గాక. తల్లిదండ్రులు చదువు పేరు చెప్పి ఆ అరగంటను తీసివేయకుందురు గాక. ఈ శతవార్షికోత్సవములో వాయించుచున్న మనకు కూడా, ఎవరో ఒకరు ఒకప్పుడు తమ ప్రక్కన చోటిచ్చిరి.

 ప్రసంగము ముగిసినది గాని పని ముగియలేదు. వాద్యములు తెచ్చిన పిల్లలు ముందుకు రండి, ఒక్క పల్లవి, మొదటి కాలములో, అందరము కలిసి మొదలుపెడదాము.